ఆపేసిన రేడియో

ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పి పంపేయడం జోగారావు మాస్టారికి ఏనాడూ అలవాటు లేదు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పిన రోజుల్లోనూ అంతే, రిటైరయి కాకినాడ రామారావుపేటలో తన ఇంటి వరండాలో కుర్చీ వేసుకున్నాకా అంతే. ఎవరేమడిగినా, "ఏదీ, ఇలా పట్రా, చూద్దాం" అనేవారు. పాడైపోయిన సెట్టు గురించి అడిగినప్పుడు ఆ మాట సబబుగానే ఉండేది. "మాస్టారండీ, మా బావమరిదికీ నాకూ మాటల్లేవు, ఏం చెయ్యమంటారు" అని అడిగినవాడితోనూ అదే మాట అంటే ఎదటివాడు బిక్కమొహం వేసేవాడు. బావమరిదిని సంచీలో పెట్టుకుని ఎవడు తెస్తాడు? అయినా పాత శిష్యులు ఆయన దగ్గరికి రావడం మానలేదు. వచ్చినవాళ్ళు జవాబు లేకుండానే వెళ్ళేవారు గానీ, వెళ్ళేటప్పుడు వచ్చినప్పటి మొహంతో వెళ్ళేవారు కాదు.

ఒక ఆదివారం ఉదయం ముక్తేశ్వరరావు వచ్చాడు. యాభై దాటిన మనిషి, పోర్టు ఆఫీసులో గుమాస్తా, పెళ్ళి చేసుకోలేదు. ఒకప్పుడు మాస్టారి క్లాసులో ముందు బెంచీలో కూర్చున్నవాడు. చేతిలో బరువైన గుడ్డసంచీ ఉంది. దాన్ని కింద పెట్టకుండానే, చెప్పులు విడవకుండానే, మెట్ల మీద నిలబడి అడిగేశాడు.

"మాస్టారండీ, మనిషి నిశ్శబ్దం కావాలనుకోవడం తప్పాండి?"

మాస్టారు కళ్ళజోడు పైకి తోసుకుని అతని మొహం చూశారు, తరవాత సంచీ చూశారు.

"ఏదీ, ఇలా పట్రా, చూద్దాం" అన్నారు.

ఆ సంచీలో ఏముందో, ఆ ప్రశ్న ఎక్కణ్ణించి వచ్చిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. ముక్తేశ్వరరావుకు తల్లి తప్ప ఇంట్లో ఇంకొకరు లేరు. ఆవిడకు చివరి రోజుల్లో చెవులు దాదాపుగా పోయాయి. చెవులు వినపడని వాళ్ళున్న ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని అనుకునేవాళ్ళు అలాంటి ఇంట్లో ఒక్క పూట ఉండి చూడాలి. టీవీలో అత్తాకోడళ్ళు వీధి చివరిదాకా వినపడేలా పోట్లాడుకునేవారు. స్టవ్వు మీద కుక్కరు కూసి కూసి, చివరికి మాడు వాసనతో కబురు పంపేది. వీటన్నిటి మధ్యా మంచం మీంచి ఒక కేక వచ్చేది. "ముక్తేశూ, ఉన్నావా?" "ఉన్నానమ్మా!" అని అతను గొంతు చించుకోవాలి. ఏం కావాలని అడిగితే ఏమీ అక్కర్లేదనేది. కాసేపాగి మళ్ళీ అదే కేక. ఉండక ఎక్కడికి పోతాను అని అతను విసుక్కునేవాడు. ఎలాగూ వినపడదన్న ధైర్యంతో కాస్త గట్టిగానే విసుక్కునేవాడు.

ఆ గోలలో అతనికి ఒకే ఒక కోరిక ఉండేది. పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులతో, హెడ్‌ఫోన్సు కోసమని ఒక చిన్న ఆంప్లిఫయరు తన చేత్తో కట్టుకోవాలి. తన పాట ఇంకొకరికి వినపడకుండా, ఇంకొకరి రొద తన చెవిన పడకుండా, ఒక్కడే కూర్చుని వినాలి. వాల్వులొకసారి, ట్రాన్స్‌ఫార్మరొకసారి, ఎక్కడ దొరికితే అక్కడ కొని మంచం కింద బిస్కెట్ల డబ్బాలో దాచాడు. కట్టే తీరిక మాత్రం దొరకలేదు. సోల్డరింగు కడ్డీ వేడెక్కేలోపు లోపలినుంచి కేక వచ్చేది.

పోయిన మాఘంలో తల్లి పోయింది. కర్మకాండ అయింది, చుట్టాలు వెళ్ళిపోయారు. ఆఖరి ఆటో మలుపు తిరిగాక తలుపు గడియ పెట్టి వెనక్కి తిరిగితే ఇంట్లో ఎక్కడా చప్పుడన్నది లేదు. "అమ్మయ్య" అనుకున్నాడు. అనుకున్న మరుక్షణం తన మీద తనకే రోత పుట్టింది. ఆ రోత నుంచి తప్పించుకోవడానికో, మరెందుకో, మంచం కింద డబ్బా బయటికి లాగాడు. వేసవంతా అదే పని. ఆఫీసు, ఇల్లు, బల్ల. పలకరించడానికి వచ్చినవాళ్ళతో గుమ్మంలోనే రెండు ముక్కలు మాట్లాడి పంపేసేవాడు.

కట్టడం పూర్తయిన రోజు స్విచ్చి వేస్తే వాల్వుల్లో ఎర్రటి వెలుగు నిలకడగా నిలిచింది. పాట పెట్టే ముందు ఆంప్లిఫయరు ఎంత నిశ్శబ్దంగా ఉందో వినాలి. అది మాస్టారు నేర్పిన పద్ధతే. అందుకని పాటలు వచ్చే ప్లేయరు లోపల ఏ చిన్న రొద ఉన్నా ఇందులోకి రాకూడదని ప్లేయరును తీసేశాడు. డబ్బాను ప్లేయరుకు కలిపే తీగ రెండో కొసను బల్ల మీద వదిలేసి, హెడ్‌ఫోన్సు పెట్టుకుని, వాల్యూము పూర్తిగా పెంచాడు.

గుంయ్‌మని మోత. ఎక్కడో దూరాన పిండిమర ఆడుతున్నట్టు, ఆగకుండా, హెచ్చుతగ్గులు లేకుండా.

ముందు వాల్వులను అనుమానించాడు. మార్చాడు. మోత పోలేదు. కెపాసిటర్లు పాతవని కొత్తవి వేశాడు. లోపలి తీగలను జడ అల్లినట్టు మెలిపెట్టాడు. ఎర్తు తీగలన్నీ విప్పి ఒక్కచోటికి తెచ్చి అతికాడు. ట్రాన్స్‌ఫార్మరును ఊడదీసి వేరే డబ్బాలో వెలివేశాడు. మోత ఎక్కడిదక్కడే ఉంది. వాల్యూము పూర్తిగా తగ్గిస్తే మాత్రం పోయేది, కానీ గొంతు నొక్కేస్తే ఎవరైనా ఊరుకుంటారు, అందులో గొప్పేముంది? ఆంప్లిఫయరు డబ్బాలో లోపం కనపడక ఇంటి మీద పడ్డాడు. ఫ్రిజ్ ఆపాడు, ఫ్యాను ఆపాడు, టీవీ ప్లగ్గు పీకాడు. చెమటలు కారుతుంటే ఆ ఉక్కలో కూర్చుని విన్నాడు. పై వాటాలో అద్దెకున్న ఇల్లాలిని కాసేపు గ్రైండరు ఆపమని అడిగితే ఆవిడ ఆపింది గానీ, అతని వంక అదోలా చూసింది. ఆ మర్నాటి నుంచి ఆవిడ పంపే కూర గిన్నె రావడం మానేసింది. బ్యాటరీతో నడిచే గోడగడియారం కూడా ఆపాడంటే అతని పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. ఇంట్లో ఆపడానికి ఇంకేమీ మిగల్లేదు. అప్పుడూ గుంయ్‌మంటూనే ఉంది.

చిత్రం ఏమిటంటే, హెడ్‌ఫోన్సు తీసేసినా అతనికి హాయిగా ఉండేది కాదు. అన్నం తింటుంటే పళ్ళెం చప్పుడు కూడా పెద్దగా వినపడేది. ఎప్పుడో తల్లి మీద విసుక్కున్న మాటలు వాటంతటవే వచ్చి చెవిలో తిరిగేవి. మోత డబ్బాలో ఉందో, తన తలలో ఉందో తేల్చుకోలేని స్థితికి వచ్చాడు.

ఇలా ఉండగా తునిలో ఉండే మాణిక్యం పిన్ని ఫోను చేసింది. తల్లికి స్వయానా చెల్లెలు, భర్త లేడు, పిల్లల్లేరు. ఆవిడ అద్దెకుంటున్న ఇల్లు పడగొట్టి కొత్తది కడతారట, ఖాళీ చెయ్యమన్నారు. భర్త వైపు వాళ్ళెవరో విజయనగరం అవతల ఒక వృద్ధాశ్రమంలో చోటు మాట్లాడారు. "నీ దగ్గరికి వస్తే ఎలా ఉంటుందా అని ఒకసారి అనిపించిందిరా. నీకిబ్బందైతే వద్దులే" అంది ఆవిడ, ఫోను అక్కర్లేనంత గట్టిగా. ఎందుకంటే ఆవిడకూ చెవుడే. అది ఆ అక్కచెల్లెళ్ళ పుట్టింటి ఆస్తి. ముక్తేశ్వరరావుకు ఒక్కసారిగా టీవీ, కుక్కరు, మంచం మీంచి కేకలు అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఆలోచించి చెప్తానన్నాడు. ఆశ్రమం వాళ్ళకు ఆదివారం సాయంత్రంలోగా మాట చెప్పాలని పిన్ని అంది. వారమంతా ఆలోచించాడు. వద్దని చెప్పడానికి నోరు రాలేదు, రమ్మనడానికి మనసు రాలేదు. ఇవాళ ఆదివారం.

ఇదీ సంచీ కథ. మాస్టారి ఎదుట డబ్బా బయటికి తీసి పెడుతూ ముక్తేశ్వరరావు ఇదంతా చెప్పుకొచ్చాడు. వాల్వుల గురించి ఎంత చెప్పాడో పిన్ని గురించీ అంతే చెప్పాడు, ఒక్కోసారి ఏది దేని గురించో కలిపేశాడు కూడా. మాస్టారు అడ్డు తగల్లేదు. అంతా విని, ఒక్కటే అడిగారు.

"ఇందులో ఇంతవరకూ ఏం పాట విన్నావు?"

"ఇంకా ఏదీ వినలేదండి. ముందు మోత పోవాలి కదండీ."

మాస్టారు డబ్బా స్విచ్చి వేశారు. వాల్వులు వెలిగాయి. ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని, కుడి చేత్తోనే వాల్యూము తిప్పారు. వాల్వు సెట్టు దగ్గర రెండు చేతులూ పెట్టకూడదని, షాకు కొడితే గుండె మీదుగా పోతుందని ఆయన క్లాసులో మొదటి రోజే చెప్పేవారు. హెడ్‌ఫోన్సు ఒక చెవికి ఆనించుకుని విని, "ఉంది" అన్నారు. తరవాత డబ్బా వెనకనుంచి బయటికి వచ్చి బల్ల అంచున వేలాడుతున్న తీగను చూపుడు వేలితో చూపించారు.

"ఇది ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదండి. అందులోంచి ఏ రొదా రాకూడదని అవతల ఏదీ పెట్టలేదండి."

మాస్టారు "నువ్వు పెట్టుకుని విను" అని హెడ్‌ఫోన్సు అతనికిచ్చి లేచి లోపలికి వెళ్ళారు. వంటింట్లోంచి ఎవరో గబగబా వార్తలు చదువుతున్న గొంతు వినపడి, ఒక మాట మధ్యలో టక్కున ఆగిపోయింది. "అదేంటండి, వింటున్నాను కదా!" అని ఆయన భార్య వరాలమ్మగారు అనడం, "ఇప్పుడే తెచ్చేస్తాను" అని ఆయన అనడం వరండాలోకి వచ్చాయి. మాస్టారు ఒక పాతకాలపు ట్రాన్సిస్టరు రేడియో చంకలో పెట్టుకుని వచ్చారు. దానికి పోపు జిడ్డు పట్టి ఉంది.

ముక్తేశ్వరరావు కళ్ళు మూసుకుని మోత వింటున్నాడు. దాని సంగతి అతనికి ఇప్పుడు కొట్టినపిండి. ఎప్పటిలాగే గుంయ్‌మంటోంది. ఉన్నట్టుండి అది తెగిపోయింది.

కరెంటు పోయిందనుకుని కళ్ళు తెరిచాడు. వాల్వులు వెలుగుతూనే ఉన్నాయి. వాల్యూము చూశాడు. పూర్తిగా పైకే ఉంది. హెడ్‌ఫోన్సులో ఏమీ లేదు. ఎంత లేదంటే, తన ఊపిరి తనకు వినపడుతోంది. వేసవంతా దేనికోసం దేవులాడాడో అది ఇదే. దాని కోసం అతను ఏవేవో ఆపాడు గానీ, మాస్టారు ఏదీ ఆపినట్టు లేదు. ఆయన చేసిందల్లా ఆ వేలాడే తీగ కొసను రేడియోకి తగిలించడం.

"రేడియో వేశారాండి?" అన్నాడు ముక్తేశ్వరరావు గొంతు తగ్గించి. గట్టిగా మాట్లాడితే మోత తిరిగొస్తుందేమోనని భయం.

"లేదు. ఆపే ఉంది, చూసుకో."

చూసుకున్నాడు. మీట కిందికే ఉంది.

"మరి మోతను ఏది కప్పేసిందండి?"

"ఏదీ కప్పలేదు. కలిపాను, అంతే. ఇది ఇంకా నోరు విప్పలేదు."

మాస్టారు తీగ ఊడదీశారు. మోత వచ్చింది. తగిలించారు. పోయింది. ఊడదీసి, ఈసారి తీగ కొసను ముక్తేశ్వరరావు చేతిలోనే పెట్టారు. వేలు తగలగానే మోత రెండింతలైంది. అతను తడబడుతూ దాన్ని తనే రేడియోకి తగిలించాడు. మళ్ళీ ఆ చల్లటి నిశ్శబ్దం.

"గోడల్లో కరెంటు తీగలుంటాయి. చుట్టూ గాలిలో ఎప్పుడూ ఆ గుంయ్ ఉంటుంది" అన్నారు మాస్టారు, క్లాసులో చెప్పినంత మామూలుగా. "అవతల ఏదీ లేని తీగ దాన్నే పట్టుకొస్తుంది. పాపం, వాల్వుకేం తెలుసు? వచ్చిందాన్ని పెద్దది చేసి ఇస్తుంది. అవతల ఏదైనా తగిలించి ఉంటే, అది ఆపేసి ఉన్నా సరే, తీగ ఈ గుంయ్‌ని పట్టుకురాదు."

"అయితే నా డబ్బాలో లోపం లేదాండి?"

"శుభ్రంగా కట్టావు."

ముక్తేశ్వరరావు హెడ్‌ఫోన్సు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. లోపం డబ్బాలో వెతికాడు, గోడల్లో వెతికాడు, పక్కవాళ్ళ వంటింట్లో వెతికాడు, ఆఖరికి తనలోనే ఉందని తీర్మానించుకుని ఇక్కడికి వచ్చాడు. సంతోషపడాల్సిన సమయంలో అతనికి ఏడుపు ముంచుకొచ్చింది. యాభై దాటిన మగాడు ఆదివారం పొద్దున్నే వీధి వరండాలో ఏడవడం బాగుండదని తెలిసినా ఆపుకోలేకపోయాడు.

"అమ్మ పోయాక ఆ ఇంట్లో ఉండలేకపోతున్నానండి" అన్నాడు. "నిశ్శబ్దమే కావాలన్నాను. ఇచ్చి పోయింది. సాయంత్రం తాళం తీయడానికి భయమేస్తోందండి. లోపలికి వెళ్ళి లైటు వేసి, ఎవరితో మాట్లాడాలో తెలియక, ఈ డబ్బా ముందు కూర్చుంటున్నాను."

మాస్టారు ఓదార్చలేదు. మంచినీళ్ళ గ్లాసు అతని వైపు జరిపి, వీధిలో పోతున్న కూరగాయల బండిని చూస్తూ కూర్చున్నారు. ఆ ఊరుకోవడం ముక్తేశ్వరరావుకు మేలే చేసింది. నీళ్ళు తాగాడు. మొహం తుడుచుకున్నాడు. కాసేపు బల్ల మీది తీగనూ, దాని చివర నోరు విప్పకుండా కూర్చున్న జిడ్డు రేడియోనూ చూశాడు. తరవాత జేబులోంచి ఫోను తీశాడు.

"పిన్నీ, నేను ముక్తేశుణ్ణి."

"ఎవరూ?"

"ముక్తేశుణ్ణి పిన్నీ! ముక్తేశుణ్ణి!"

రోడ్డు మీద కూరగాయల బండివాడు ఆగి చూశాడు.

"ఆఁ, నువ్వా! చెప్పరా" అని ఫోనులోంచి వచ్చిన కేక వరండా అంతా పరుచుకుంది. "నువ్వేం బాధపడకురా. నాకు తెలుసు. ఒక్కడివీ ఎలా చూసుకుంటావు, మీ అమ్మతోటే సగమైపోయావు. అందుకే సంచీ సర్దేసుకున్నాను. ఆశ్రమం అంటే అదేం అడివా ఏంటి, అక్కడా మనుషులే కదా."

ముక్తేశ్వరరావు ఫోను చెవి నుంచి జానెడు దూరాన పట్టుకుని ఆ మాటలన్నీ విన్నాడు. వద్దని చెప్పడానికి తనకు నోరు రాకపోతే, ఆ మాట పిన్నే తనకోసం చెప్పేస్తోంది. తను వారంరోజులుగా ఆలోచించిందంతా టీవీ చప్పుడు గురించే. తునిలో ఒక గదిలో ఒక మనిషి సంచీ సర్దుకుని, ఎవరూ రమ్మనరని ముందే నిశ్చయించుకుని కూర్చుని ఉందన్న సంగతి అతనికి ఇప్పటిదాకా తట్టనేలేదు.

"ఆ సంచీతో ఇక్కడికి వచ్చెయ్ పిన్నీ!" అని అరిచాడు.

"ఏంటీ?"

"ఇక్కడికి! మా ఇంటికి! సామర్లకోటలో దిగు! స్టేషనుకి నేనొస్తాను!"

ఆవిడకు అర్థం కాలేదేమోనని మళ్ళీ అరవబోయాడు. అంతలో, ఈసారి మామూలు మనుషులు మాట్లాడినంత నెమ్మదిగా, "నిజంగానేనా?" అని వినిపించింది.

"నిజంగానే పిన్నీ."

"నేను టీవీ పెద్దగా పెట్టుకుంటానురా."

"పెట్టుకో."

ముక్తేశ్వరరావు ఫోను పెట్టేశాడు. అతని కళ్ళు తడిగానే ఉన్నాయి, పెదాల మీద మాత్రం నవ్వు వచ్చింది. డబ్బా స్విచ్చి ఆపి, వాల్వులు చల్లారే దాకా ఆగి, సంచీలో జాగ్రత్తగా సర్దుకున్నాడు. చెప్పులు వేసుకోవడానికి లేచి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"మాస్టారండీ, వచ్చినప్పుడు ఒక ప్రశ్న అడిగాను. దానికి మీరేమీ చెప్పనే లేదండి."

మాస్టారు రేడియోను తుండుగుడ్డతో ఒకసారి తుడిచి అతని చేతికిచ్చారు.

"ముందు ఇది లోపల ఇచ్చి రావయ్యా. మా ఆవిడ ఇందాకట్నుంచీ వంటింట్లో ఒక్కతే ఉంది."